శుక్రవారం వరకా, శుక్రవారం కల్లానా?

మా ఇంట్లో సీలింగు అంటే పైకప్పు కాదు, చేను.

పెద్దమందడి శివారులో మాకు ఎకరమున్నర చెల్క ఉంది. తాత పేరు మీద సర్కారు ఇచ్చిన భూమి. ఇంట్లో దానికి ఇంకో పేరు లేదు. "సీలింగుకాడికి పోయిండు", "ఈయేడు సీలింగుల కందులేసినం", "సీలింగు గెట్టు మీద ఏపచెట్టు" ఇట్లనే మాట్లాడతారు. మా ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ కూడా ఉంది. కానీ ఆ సీలింగూ ఈ సీలింగూ ఒకే మాట అని నాకు ఇంటర్ దాకా తట్టలేదు. తట్టిన రోజు మా అవ్వకు చెప్పాను, "అవ్వా, సీలింగు అంటే పైకప్పు అంట" అని. అవ్వ చేతిలో చాట పక్కకు పెట్టి, "కప్పుంటే చేన్ల వాన ఎట్ల పడ్తదిరా" అన్నది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

జవాబు చట్టంలో ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 1973లో భూసంస్కరణల చట్టం తెచ్చారు, 1975 జనవరి 1 నుంచి అమలు చేశారు. ఐదుగురున్న కుటుంబానికి నేల రకాన్ని బట్టి తరి అయితే 10 నుంచి 27 ఎకరాలు, ఖుష్కి అయితే 35 నుంచి 54 ఎకరాలు. అంతకు మించి ఉంటే సర్కారుకు అప్పజెప్పాలి. ఆ చట్టం ఇంగ్లీషు పేరులో 'సీలింగ్ ఆన్ అగ్రికల్చరల్ హోల్డింగ్స్' అని ఉంటుంది. అందులో 'ఆన్' ఉంది చూడండి, అదే కీలకం. భూమి మీద పైనుంచి ఒక కప్పు వేశారు, నీ భూమి దానికంటే ఎత్తు పెరగొద్దు అని. ఇంగ్లీషువాడి బొమ్మ అది. మా ఊళ్లోకి వచ్చేసరికి ఆ 'ఆన్' ఎక్కడో రాలిపోయింది. ఎక్కువున్నాయన భూమి "సీలింగుల పోయింది". మాలాంటోళ్లకు "సీలింగుల వచ్చింది". కప్పు కాస్తా గుంత అయింది. పైన ఉండాల్సింది లోపలికి పోయే చోటయింది. మాట ఇంగ్లీషుది, క్రియ మాది, విభక్తి మాది.

నేను చెప్పబోయేదంతా దీని గురించే. హద్దుల గురించి చెప్పే ఇంగ్లీషు మాటలున్నాయి కదా, లిమిట్, బౌండ్, డెడ్‌లైన్, సీలింగ్, థ్రెషోల్డ్, కటాఫ్ లాంటివి. వాటి పక్కన ఏ క్రియ వస్తుంది, ఏ ప్రిపొజిషన్ వస్తుంది అన్నది మనకు ఎవరూ చెప్పరు. మాటకు అర్థం చెప్పి వదిలేస్తారు. దాని దెబ్బ ఎక్కడ తగులుతుందో నాకు థర్డ్ ఇయర్ ఎండాకాలంలో తెలిసింది.

ఇంటర్న్‌షిప్. పేరు చెప్పను, ఒక డిజైన్ కన్సల్టెన్సీ. నాకు నాలుగు డ్రాయింగులు సరిచేసే పని ఇచ్చారు. సోమవారం ఇచ్చారు. నేను మెయిల్ పెట్టాను: 'ఐ విల్ సెండ్ ద డ్రాయింగ్స్ అంటిల్ ఫ్రైడే'. నా లెక్క ప్రకారం "శుక్రవారం వరకు పంపిస్తా" అని రాశాను. మా సైట్ ఇంజనీరు సారుకు తెలుగు రాదు. ఆయన చదువుకున్నది వేరే: ఈ పిల్లోడు శుక్రవారం దాకా రోజూ పంపుతూనే ఉంటాడు, అంటే మొదటిది మంగళవారం వస్తుంది. మంగళవారం రాలేదు. బుధవారం రాలేదు. గురువారం పొద్దున ఆ పని ఇంకొకరికి ఇచ్చేశారు. శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి నేను నాలుగూ కలిపి పంపాను, టైముకు ముందే చేశానన్న ఆనందంతో. ఆనందానికి అవధులు లేవు అంటాం చూడండి, అది. దాని గడువు సరిగ్గా ఆరు నిమిషాలు.

ఆ ఎండాకాలం అయ్యాక ఇద్దరిని మళ్లీ పిలిచారు. అందులో నేను లేను. ఆ ఒక్క మాట వల్లే అని అనను, నా డ్రాయింగుల్లో కూడా తప్పులుండే. కానీ మొదటి వారంలోనే "చెప్పిన టైముకు ఇయ్యడు" అన్న పేరు వచ్చింది. అది పోగొట్టుకోవడానికి మిగిలిన ఐదు వారాలు సరిపోలేదు.

తరవాత చాలా రోజులు ఆ వాక్యాన్ని చూస్తూ కూర్చున్నాను. అప్పుడు అర్థమైంది, నాకు ఇంగ్లీషు రాకపోవడం కాదు అక్కడ జరిగింది. నాకు తెలుగు బాగా రావడం.

మా అమ్మ ఫోన్ చేసి, "శనివారం వరకు రా, సోమవారం వరకు ఉండు" అంటుంది. ఒకే వాక్యంలో రెండు 'వరకు'లు. మొదటి 'వరకు' అంటే శనివారం దాటకుండా ఎప్పుడో ఒకసారి వచ్చెయ్యి అని. రెండో 'వరకు' అంటే సోమవారం దాకా సాగదీయి అని. అయినా ఎవరికీ అనుమానం రాదు. ఎందుకంటే 'రా' అన్నది ఒక్కసారి జరిగిపోయే పని. 'ఉండు' అన్నది సాగే పని. తేడా అంతా క్రియ మోస్తుంది. 'వరకు' అన్న మాట ఊరికే గుంజకు కట్టిన తాడు లాంటిది. ఇటు గుంజినా వస్తుంది, అటు గుంజినా వస్తుంది.

ఇంగ్లీషులో బరువు క్రియ మీద కాదు, ఆ చిన్న మాట మీద. ఒక్కసారి జరిగే పనికి 'బై', సాగే పనికి 'అంటిల్'. 'కమ్ బై సాటర్‌డే, స్టే అంటిల్ మండే'. అమ్మ చెప్పింది అదే, రెండు వేరు వేరు మాటలతో. 'అంటిల్' అనగానే వినేవాడు ముందున్న పనిని లాగి సాగదీస్తాడు. 'సెండ్' అన్న మాట సాగదు. సాగదు కాబట్టి దాన్ని ముక్కలు ముక్కలుగా మళ్లీ మళ్లీ చేయించేస్తాడు. మా సారు బుర్రలో జరిగింది అదే.

ఇక్కడ నాకు కోపం వచ్చే సంగతి ఒకటుంది. 'బై'కి సరిగ్గా సరిపోయే మాట తెలుగులో లేదా అంటే, ఉంది. 'కల్లా'. "శుక్రవారం కల్లా పంపిస్తా." "పొద్దూకెకల్లా ఇంట్ల ఉండాలె." ఈ 'కల్లా' సాగే పనుల పక్కకు రానే రాదు. "సోమవారం కల్లా ఉండు" అంటే సోమవారం ముందే వచ్చి అక్కడ కనిపించు అని అర్థం మారిపోతుంది. ఇంగ్లీషు 'బై' కూడా అచ్చం అట్లనే ప్రవర్తిస్తుంది. పదేళ్ల ఇంగ్లీషు క్లాసుల్లో 'బై' అంటే 'చేత' అని చెప్పారు, 'ద లెటర్ వాజ్ రిటెన్ బై రామా' అని వందసార్లు రాయించారు. "బై అంటే కల్లా" అని ఒక్కసారి, ఒక్కరు చెప్పి ఉంటే ఆ మెయిల్ వేరేగా ఉండేది. మనకు తెలిసిన మాటను మన చేతిలో పెట్టి చెప్పాల్సింది పోయి, తెలియని రూల్ చెప్పారు.

'లోపు' కొంచెం గడుసుది. "శుక్రవారం లోపు" అంటే శుక్రవారం కలుస్తుందా కలవదా? మా హాస్టల్‌లో ఇది అడిగాను. ఆరుగురిలో నలుగురు కలుస్తుందన్నారు, ఇద్దరు కలవదన్నారు. ఒకడు "మెస్ బిల్లయితే కలుస్తది, అసైన్‌మెంటయితే కలుస్తది, ఇయ్యాల్సింది అవతలోడయితే కలవదు" అన్నాడు. ఇంగ్లీషులో ఆ వెసులుబాటు లేదు. 'బిఫోర్ ఫ్రైడే' అంటే గురువారంతో సరి. 'బై ఫ్రైడే' అంటే శుక్రవారం కూడా ఉంది. 'విత్‌ఇన్' రోజుకు రాదు, వ్యవధికి వస్తుంది: 'విత్‌ఇన్ టూ డేస్'. దీని పక్కనే ఇంకో గుంత: 'ఇన్ టూ డేస్'. మనకు రెండూ "రెండు రోజుల్లో"నే. కానీ 'ఐ విల్ కమ్ ఇన్ టూ డేస్' అంటే ఎక్కువమంది వినేది "రెండు రోజులకు వస్తా" అని, అంటే ఎల్లుండి. రేపు వస్తానని కాదు. 'ల్లో'కీ 'కు'కీ మధ్య ఉన్న తేడా ఇది. ఆ తేడా మన దగ్గర లేక కాదు. 'ఇన్' కనపడగానే 'లో' అని అతికించేసే అలవాటు మనది.

ఇదంతా చూసి మా రూమ్మేట్ అన్నాడు, "ఇప్పుడు మెయిల్ రాసేది మనమా? ఏఐకి ఇస్తే అదే సరిచేస్తది." నేనూ అదే అనుకుని నా పాత మెయిల్‌ని ఒకదానికి ఇచ్చి చూశాను. అది బుద్ధిగా 'ఐ విల్ కంటిన్యూ సెండింగ్ ద డ్రాయింగ్స్ అంటిల్ ఫ్రైడే' అని దిద్ది ఇచ్చింది. వ్యాకరణం బంగారం. అర్థం మాత్రం సారు అనుకున్నదే తప్ప నాది కాదు. 'ఇన్ టూ డేస్'ను అసలు ముట్టుకోనే లేదు, ఎందుకంటే అందులో తప్పే లేదు. నా మనసులో ఏముందో దానికి తెలియదు కదా. తప్పు వాక్యాన్ని యంత్రం పట్టుకుంటుంది. తప్పుడు అర్థమిచ్చే ఒప్పు వాక్యాన్ని నేనే పట్టుకోవాలి.

రెండో దెబ్బ ప్రాజెక్ట్ రివ్యూలో. సివిల్ వాళ్లకు తెలుసు, ఐఎస్ 456 ప్రకారం బీమ్ మొత్తం వంపు మామూలుగా స్పాన్ బై 250 దాటొద్దు. నేను స్లైడ్ మీద 'డిఫ్లెక్షన్ షుడ్ నాట్ ఎక్సీడ్ దేన్ ద లిమిట్' అని రాశాను. ప్యానెల్‌లో ఒకాయన ఆ 'దేన్' మీద పెన్ను పెట్టి, "ఏ మీడియం మీది?" అన్నారు. గది మొత్తం నవ్వింది. నా లెక్కలు సరిగ్గానే ఉన్నాయి. వాటిని ఎవరూ అడగలేదు.

ఆ 'దేన్' ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు చెప్పగలను. "దీనికన్నా మించొద్దు" అంటాం. ఆ 'కన్నా' పోయి 'దేన్' అయింది. ఇంగ్లీషు 'ఎక్సీడ్' కడుపులోనే 'కన్నా' ఉంది. దానికి మళ్లీ తోడు అక్కర్లేదు. 'ఎక్సీడ్ ద లిమిట్', అంతే. 'ఎక్సీడ్ బియాండ్' కూడా తప్పే, పోయినేటి సీనియర్ల రిపోర్టుల్లో కావాల్సినన్ని ఉన్నాయి, వెళ్లి చూసుకోండి. అదే 'గో' అనే క్రియ వాడితే 'బియాండ్' కావాలి, 'గో బియాండ్ ద లిమిట్'. 'బీ' వాడితే 'ఓవర్' గానీ 'అబవ్' గానీ కావాలి. బలమైన క్రియకు ఊతకర్ర వద్దు, బలహీనమైనదానికి కావాలి. ఇంత చిన్న సంగతి.

క్రియల విషయంలో తెలుగే ఎక్కువ నిక్కచ్చి. దాటు, మించు, మీరు అని మూడున్నాయి మనకు. దాటడం నేల మీది పని: వాగు దాటు, పొలిమేర దాటు, గడప దాటు. మించడం కొలత పని: మోతాదు మించు, ఖర్చు మించు. మీరడం తప్పు పని: హద్దు మీరు, ఆజ్ఞ మీరు. "మితి మీరింది" అంటాం, మితి అంటే కొలతే అయినా సరే, ఎందుకంటే అక్కడ కొలవడం లేదు, తిడుతున్నాం. ఇంగ్లీషులో కూడా అచ్చంగా ఇట్లనే మూడున్నాయి. గీతనైతే 'క్రాస్' చేస్తారు, లిమిట్‌నైతే 'ఎక్సీడ్' చేస్తారు, అధికారాన్నైతే 'ఓవర్‌స్టెప్' చేస్తారు. మన సినిమాల్లో హీరో "లిమిట్స్ క్రాస్ చేయకు" అని వేలు చూపిస్తాడు. అది దాటు, మించు, మీరు మూడింటినీ ఒక సంచిలో వేసి కలిపిన ఇంగ్లీషు. సినిమాలో బాగుంటుంది. రిపోర్టులో 'ద స్ట్రెస్ క్రాస్డ్ ద లిమిట్' అని రాస్తే స్ట్రెస్‌కు కాళ్లొచ్చినట్టుంటుంది.

ఇక 'లిమిట్' పక్కన వచ్చే ప్రిపొజిషన్లు. 'లిమిట్ ఆన్', 'లిమిట్ టు', 'లిమిట్ ఆఫ్'. ఈ మూడింటికీ తేడా ఏమిటని డిక్షనరీలో వెతికితే కళ్లు తిరిగాయి. తెలుగులోకి తిప్పి చూస్తే రెండు నిమిషాల పని. ఎవరో పైనుంచి పెట్టిన హద్దయితే 'మీద': ఖర్చు మీద పరిమితి పెట్టారు, అది 'లిమిట్ ఆన్'. ఆ వస్తువుకే సహజంగా ఉన్న కొసయితే 'కు': ఓపికకు ఒక హద్దుంటది, అది 'లిమిట్ టు'. హద్దు ఎంత అనే విలువ చెబుతుంటే షష్ఠి, మట్టికుండే లిక్విడ్ లిమిట్ లాంటిది, అది 'లిమిట్ ఆఫ్'. ప్రతిచోటా ఇంత చక్కగా కుదరదు. కానీ పదిలో ఏడెనిమిది సార్లు కుదురుతుంది, రూల్స్ బట్టీ పట్టడం కన్నా నయం.

లిక్విడ్ లిమిట్ అన్నాను కదా. సాయిల్ ల్యాబ్‌లో కాసాగ్రాండే కప్పు తిప్పి తిప్పి చేతులు నొప్పులు పుట్టినవాళ్లకు ఇది: మట్టిలో గీసిన గాడి 25 దెబ్బలకు మూసుకుపోయే తేమ ఎంతో అది లిక్విడ్ లిమిట్. మూడు మిల్లీమీటర్ల మందం దాకా చుట్టిన మట్టి పోగు పగుళ్లు పడే తేమ ఎంతో అది ప్లాస్టిక్ లిమిట్. ఇక్కడ ఎవరూ ఎవరినీ ఆపడం లేదు. మట్టి ఒక స్థితి నుంచి ఇంకో స్థితిలోకి పోయే చోటు అది. అందుకే దాని పక్కన 'ఎట్' వస్తుంది: 'ఎట్ ద లిక్విడ్ లిమిట్'. మన భాషలో దీనికి "దగ్గర" సరిగ్గా సరిపోతుంది. "ఈ తేమ దగ్గర మట్టి పారుతుంది." మా నాయిన దుక్కి దున్నే ముందు పిడికెడు మన్ను తీసి ముద్ద చేసి, వదిలి, "ఇంక పదును రాలె" అంటాడు. పదును అన్న మాటలో ఆ హద్దు ఉంది. దానికి క్రియ 'వచ్చు'. పదును వస్తది, పదును పోతది. దాన్ని ఎవరూ దాటరు, మించరు.

మ్యాథ్స్‌లో లిమిట్‌కు తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకంలో పెట్టిన పేరు 'అవధి'. తెలుగు మీడియంలో చదివినవాళ్లకు "అవధులు, అవిచ్ఛిన్నత" అన్న పాఠం పేరు గుర్తుండే ఉంటుంది. మంచి పేరు. సాహిత్య క్లబ్బు కాబట్టి ఒక ముచ్చట చెప్పి ముందుకు పోతాను: అవధి, అవధానం రెండూ 'అవ' ఉపసర్గ చేరిన 'ధా' ధాతువు నుంచే వచ్చాయి. ఒకటి హద్దు అయింది, ఒకటి ఏకాగ్రత అయింది. కానీ మామూలు తెలుగులో అవధికి ఒక్క క్రియే మిగిలింది, అదీ 'లేదు'. ఆనందానికి అవధులు లేవు. అవధులు ఉన్న ఆనందం గురించి ఎవరైనా మాట్లాడగా విన్నారా? ఇంగ్లీషులో కూడా సంతోషానికి 'బౌండ్స్' ఉండవు, కానీ అక్కడ క్రియ వేరే, 'నో'. సంతోషానికి హద్దులు తెలియవు అంటారు వాళ్లు. మనకు లేవు, వాళ్లకు తెలియవు. ఎక్స్ ఒక విలువను సమీపిస్తుంది అని చెప్పడానికి అవధికి వేరే క్రియ కావాల్సి వచ్చింది, పుస్తకం రాసినవాళ్లు 'సమీపించు' తెచ్చి పెట్టారు. నామవాచకాన్ని అనువదిస్తే పని సగమే అవుతుంది, క్రియ కూడా వెతకాలి అని వాళ్లకు తెలుసు.

డెడ్‌లైన్ సంగతి. ఈ మాట అమెరికా అంతర్యుద్ధం నాటి జైళ్లది. 1864లో జార్జియాలోని ఆండర్సన్‌విల్ జైల్లో ఖైదీల చుట్టూ ఒక గీత ఉండేది. దాన్ని దాటినవాణ్ణి కాల్చేసేవాళ్లు. అది నేల మీది గీత, కాలంలోకి తరవాత వచ్చింది. అందుకే ఇంగ్లీషులో ఇప్పటికీ డెడ్‌లైన్ కదలకుండా నిలబడి ఉంటుంది, మనిషే దాని దగ్గరికి పోతాడు: 'మీట్' చేస్తాడు, 'మిస్' చేస్తాడు. మన గడువు అట్ల కాదు. అది తీరిపోతుంది, అయిపోతుంది, దగ్గర పడుతుంది. కుండలో బియ్యం లాగా కదిలేది అదే, మనం నిలబడి చూస్తుంటాం. నేను మొదట్లో 'ద డెడ్‌లైన్ ఈజ్ కంప్లీటెడ్' అని రాసేవాణ్ణి. గడువు అయిపోయింది కదా మరి! చదివినవాళ్లు పని పూర్తయింది అనుకున్నారు. మీరు కూడా రాసే ఉంటారు, దాచుకోవద్దు.

అప్పు మాటలకు మన క్రియలు పెట్టుకోవడం తప్పు అని నేను అనడం లేదు. అది ఎప్పటినుంచో జరుగుతున్న పనే. 'హద్దు' అచ్చ తెలుగు మాట అనుకుంటాం, అది అరబ్బీ 'హద్', ఉర్దూ మీదుగా వచ్చింది. 'సరిహద్దు' ఫారసీ 'సర్‌హద్'. నైజాం కాలంలో మా పాలమూరు కచేరీ కాయితాలన్నీ ఉర్దూలోనే ఉండేవి. ఉర్దూవాళ్లు 'హద్ సే గుజర్‌నా' అంటారు, 'హద్ హో గయీ' అంటారు. మనోళ్లు హద్‌ను మాత్రం తీసుకుని 'సే'నీ 'గుజర్‌నా'నీ అక్కడే వదిలేశారు. హద్దు మీరాడు, హద్దులో ఉండు, హద్దురాయి పాతు. ఇప్పుడు దాన్ని ఎవరూ అప్పు మాట అనరు. సీలింగు కూడా అట్లనే మాదైపోయింది. "కటాఫ్ పోయింది", "బార్డర్ మీద పాసయిన", "సప్లీలన్నీ రాసి గట్టెక్కిన" (గట్టు కూడా హద్దే కదా, ఎక్కితే బతికినట్టు), ఇవి మన కాలేజీ తెలుగు. ఇంగ్లీషు మాటలు ఏరి పారేయమనే తెలుగు అభిమానులతో నాకు పేచీ ఇక్కడే. మాటకు మన క్రియ దొరికిందంటే అది మన గెట్టు లోపలికి వచ్చినట్టే.

గెట్టు అంటే గుర్తొచ్చింది. లిమిట్ అన్న మాట లాటిన్ 'లీమెస్' నుంచి వచ్చింది. దాని మొదటి అర్థం రెండు పొలాల మధ్య వదిలిన బాట, అంటే గెట్టు. పెద్దమందడి రైతు కూర్చుని బీడీ తాగే చోటు. క్యాలిక్యులస్ అంతా ఒక గెట్టు మీద నిలబడి ఉంది.

తిరిగి పోయేటప్పుడే చిక్కు. ఇంగ్లీషులో రాసేటప్పుడు మాట వాళ్లది పెట్టి క్రియ మనది పెడితే మా సారు మంగళవారం ఎదురుచూస్తాడు. హద్దుల మాటల్లో ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే అక్కడ పొరపాటుకు ఖరీదు ఉంటుంది. 'ఏ బుక్'కు బదులు 'ద బుక్' అంటే కొంపలేం మునగవు. కానీ నీళ్ల మట్టం 'అప్ టు'నా, 'అబవ్'నా, 'ఎట్'నా అన్నది తేడా వస్తే మునుగుతాయి. జూరాల పూర్తి మట్టం 1045 అడుగులు, శ్రీశైలం 885. 2009 అక్టోబరులో కృష్ణ, తుంగభద్ర రెండూ కలిసొచ్చినప్పుడు శ్రీశైలంలో ఆ 885 దాటి నీళ్లు నిలిచాయి. గద్వాల, అలంపూర్ వైపు ఊళ్లు, అవతల కర్నూలు మునిగాయి. మా ఊరి చెరువుకైతే ఇంత లెక్క లేదు. నిండితే అలుగు దుంకుతది. 'దుంకు' అన్న ఆ ఒక్క క్రియలో మట్టం ఎంతో, దాటిందో లేదో, ఇంక భయపడాలో వద్దో అంతా ఉంది. దాన్ని ఇంగ్లీషు రిపోర్టులో ఎట్లా రాయాలో నాకు ఇంకా దొరకలేదు. 'ఓవర్‌ఫ్లో' అంటే మోరీ గుర్తొస్తుంది.

సర్కారు బళ్లలో 2022-23 నుంచి ఇంగ్లీష్ మీడియం మొదలైంది. మా పక్కింటి పిల్ల ఇప్పుడు మ్యాథ్స్ ఇంగ్లీషులో చదువుతుంది. మంచిదే, నాలాగా మొదటి సెమిస్టర్‌లో గుడ్లు తేలేయాల్సిన పని ఉండదు. కానీ పోయిన దసరాకు ఆ పిల్ల హోంవర్క్ చూశాను. 'సబ్మిట్ అంటిల్ మండే' అని డైరీలో ఉంది. రాసుకున్నది పిల్లే అయ్యుండొచ్చు, బోర్డు మీద చూసి రాసిందో తెలియదు. మీడియం మారింది, 'వరకు' మాత్రం అట్లనే ఉంది. ఇంగ్లీషు నేర్పాలంటే తెలుగును గది బయట నిలబెట్టాలి అనే పద్ధతి ఇట్లాంటివి పట్టుకోలేదు. ఆ పిల్లకు నేను చెప్పింది ఒక్కటే: "అమ్మ కల్లా అంటే బై, అమ్మ దాకా ఉండు అంటే అంటిల్." ఐదు నిమిషాలు పట్టింది. పిల్ల నన్నే ఎదురడిగింది, "మరి వరకు అంటే?" అని. అమ్మనడుగు, ఏ క్రియ చెప్తే అది అన్నాను.

"ఏ మీడియం మీది?" అన్న ఆయన మీద కూడా ఇప్పుడు కోపం లేదు. ఉంది, కొంచెం. ఆయన 'దేన్' కొట్టేసి ఊరుకున్నా సరిపోయేది. లేదా ఆ 'దేన్' కింద ఉన్న 'కన్నా'ను చూపించినా సరిపోయేది. అప్పుడు గదిలో నవ్వినోళ్లలో సగం మంది తమ స్లైడ్లు తెరిచి దిద్దుకునేవాళ్లు. ఎవరి స్లైడ్లలో ఏముందో నాకు తెలుసు, ప్రింటవుట్లు తీసింది నేనే.

క్లబ్బు తరఫున ఒక చిన్న పని పెట్టుకున్నాం. మీ ఊళ్లో హద్దుల మాటల పక్కన ఏ క్రియలు వాడతారో రాసి పంపండి. గెట్టు, గట్టు, ఒడ్డు, శివారు, పొలిమేర, కట్ట, అలుగు, పదును, గడువు, ఇంకా నేను వినని మాటలేమైనా ఉంటే అవి. ఆదిలాబాద్ వాళ్లు మత్తడి అంటారట, దానికి క్రియ ఏమిటో వాళ్లే చెప్పాలి. శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లు ముగ్గురున్నారు, తప్పించుకోవద్దు. పక్కన దానికి సరిపోయే ఇంగ్లీషు వాక్యం కూడా రాయండి, తప్పయినా పర్వాలేదు, తప్పయితేనే ఎక్కువ పనికొస్తుంది. అన్నీ కలిపి వచ్చే సంచికలో వేస్తాం. ఈ నెల 20వ తేదీ వరకు పంపండి.

అదే, 20వ తేదీ కల్లా.